చూపరులమై యుందుమా?

ఫాల్గుణమాసము వచ్చి మోదుగులు పూచునప్పటికి నిజామాబాదు పట్టణమునందలి కొందరు యువకులకు ఏటేట ఒక నిరీక్షణ కలుగుచుండును. ఫార్ములా వన్ మోటారు పందెముల కొత్త సీజను ఆరంభమగు దినమునకై వారు వేళ్లు మడిచి లెక్కించుచుందురు. 2025లో తొలి పందెము ఆస్ట్రేలియా దేశమున మెల్బోర్ను నగరమందు జరిగెను. 2026 సంవత్సరమునకును ఆ నగరమే నిర్ణయింపబడినది. అచ్చట మధ్యాహ్నము మూడు గంటలైనపుడు ఇచ్చట ఉదయము తొమ్మిదిన్నర. ఖలీల్‌వాడిలోనో, వర్ని చౌరస్తాలోనో, బోధను బస్టాండు చెంతనో ఒక చిన్న తెరముందు నలుగురైదుగురు గుమిగూడి, చేతిలోని చాయ చల్లారుటయు గమనింపక, ఐదు ఎఱ్ఱదీపములును ఒక్కసారిగ ఆరిపోవు క్షణమునకై ఊపిరి బిగబట్టియుందురు. ఐరోపాలో జరుగు పందెములు మనకు సాయంకాలమున వచ్చును. అమెరికాలో జరుగునవి అర్ధరాత్రి దాటిన పిదప. నిద్ర మానుకొని చూచువారును కలరు.

ఈ కుతూహలమును గాంచి పెద్దలు నవ్వుదురు. “ఎవడో ఎక్కడనో బండి తోలిన వీనికేమి వచ్చును?” అని అడుగుదురు. మేమట్లు నవ్వజాలము. ఈ యువకులలో పెక్కురు చేతిపని నెరిగినవారు. గ్యారేజీలలో పానాలు పట్టినవారు, పాలిటెక్నిక్కులలో యంత్రశాస్త్రము చదువువారు. 2023లో ఖతారు దేశపు పందెమునందు మక్లారెన్ జట్టువారు నాలుగు చక్రములను 1.80 సెకనులలో మార్చిరని వారికి కంఠస్థము. ఒక్క చక్రము విప్పి బిగించుటలోని కష్టము తెలిసినవానికే ఆ అంకె విలువ తెలియును. 2026 మొదలు నియమములు మారి, కారు శక్తిలో దాదాపు సగపాలు విద్యుత్తునుండి రావలెనని విధించినపుడు, ఆ మార్పు ఎవరికి లాభము, ఎవరికి నష్టమని వారు గంటలకొలది తర్కించుకొనిరి. ఇది వట్టి కాలహరణమని త్రోసివేయరాదు. ఒక యంత్రమును గూర్చి ఇంత శ్రద్ధతో ఆలోచించు యువకులున్న దేశము అదృష్టముగల దేశము. మా సందేహమెల్ల వేరొకటి. ఈ శ్రద్ధకు మనము చూపిన మార్గమేది? ఏటేట పరదేశపు సీజనునకు నిరీక్షించి, చూచి, చప్పట్లు కొట్టి, మరల నిరీక్షించుటయేనా వీరి భాగ్యము?

ఒక్కసారి ఆ సీజను మన ఇంటి గడపకే వచ్చినది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు గట్టున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ ప్రపంచ పోటీలలో ఒక పందెము జరిగెను. మన దేశమున ఆ పోటీ జరుగుట అదే ప్రథమము. ఎన్.టి.ఆర్. ఉద్యానవనము, లుంబినీ పార్కు, సచివాలయము, నెక్లెస్ రోడ్డు చుట్టును మూడు కిలోమీటరులకు ఇంచుక తక్కువైన బాటను తీర్చి, ఇరుప్రక్కల కాంక్రీటు దిమ్మెలు నిలిపి పందెము నడిపిరి. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ ప్రథముడుగను, న్యూజిలాండు దేశస్థుడు నిక్ కాసిడీ ద్వితీయుడుగను వచ్చిరి. జిల్లాలనుండి బస్సులలోను రైళ్లలోను పోయి ఆ సంరంభమును కన్నులార చూచివచ్చిన యువకులు మరుసటి యేటికి అప్పుడే మాటలాడుకొనసాగిరి. కార్యాలయములకు పోవువారు మాత్రము మూతపడిన రోడ్లను తలచుకొని విసుగుకొనిరి. ఇరువురి మాటయందును న్యాయము కలదు.

2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెము జరుగలేదు. ప్రభుత్వము మారెను, ఒడంబడిక తెగెను, జనవరిలోనే పందెము రద్దయినదను ప్రకటన వెలువడెను. అదే సంవత్సరము డిసెంబరులో, ఆ పందెమునకై చెల్లించిన సొమ్మును గూర్చి అవినీతి నిరోధక శాఖవారు కేసు నమోదు చేసిరి. అందు దోషమెవరిదో, ఉన్నదో లేదో నిర్ణయించుట న్యాయస్థానముల పని. ఆ వివాదములోనికి మేము దిగబోము. మేము అడుగునది ఇంతమాత్రమే: పందెము పోయిన పిదప మనకు మిగిలినదేమి? కాంక్రీటు దిమ్మెలు లేచిపోయినవి. కార్లు తరలిపోయినవి. బండి తోలుట నేర్చుకొనగోరు బాలునికి ఒక బాటగాని, కట్టుట నేర్చుకొనగోరు యువకునికి ఒక కర్మశాలగాని మిగులలేదు. ఢిల్లీ చెంతనున్న గ్రేటర్ నోయిడాలోను ఇట్టి కథయే నడచినది. అచ్చట శాశ్వతమైన బుద్ధ సర్క్యూటు కట్టి 2011, 2012, 2013 సంవత్సరములలో ఫార్ములా వన్ పందెములు జరిపిరి. మూడింటను జర్మను వీరుడు సెబాస్టియన్ వెటెల్ గెలిచెను. నాలుగవ పందెము రాలేదు. పైనుండి దించిన వైభవము పైకే పోవును. క్రిందినుండి మొలచినది మాత్రమే నిలుచును.

క్రిందినుండి మొలచుట యన నేమో తెలియగోరువారు కోయంబత్తూరు వైపు చూడవలెను. అది రాజధాని గాదు, రేవు గాదు. మన బోధనువలెనే మిల్లును నమ్మి పెరిగిన పట్టణము. అచ్చట ప్రత్తి, ఇచ్చట చెరకు, అదియే భేదము. 1937వ సంవత్సరము ఈ రెండు ఊళ్లకును ముఖ్యమైనది. ఆ యేట మన ప్రాంతమున నిజాము చక్కెర ఫ్యాక్టరీ స్థాపితమయ్యెను. ఆ యేటనే కోయంబత్తూరులో జి. డి. నాయుడుగారి పూనికతో మన దేశపు తొలి విద్యుత్ మోటారు తయారయ్యెనని చెప్పుదురు. అటుపిమ్మట ఆ ఊరిలో మిల్లు పక్కన మరమ్మతు శాల, మరమ్మతు శాల పక్కన పంపుల కార్ఖానా, దాని పక్కన పోతపోసెడి ఫౌండ్రీ లేచినవి. చేతులకు పని వచ్చినది. పని వచ్చిన చేతులకు ఆట పుట్టినది. మిల్లుల కుటుంబమునకే చెందిన కరివర్ధన్ అను నతడు, పరదేశపు పందెపు కారు కొనుటకు శక్తిలేని యువకులకై, మారుతి 800 ఇంజనును వాడుకొని ఫార్ములా మారుతి యను చౌకయైన కారును రూపొందించెను. ఆయన 1995లో విమానప్రమాదమున మరణించెను. ఆయన పేరనే ఆ ఊరి పందెపు బాట కారి మోటార్ స్పీడ్‌వే యని నేటికిని పిలువబడుచున్నది. ర్యాలీలలో పేరొందిన జి. ఆర్. కార్తికేయన్ ఆ ఊరివాడే. ఆయన కుమారుడు నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు కారు నెక్కి ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను.

మద్రాసువారి కథయు నిట్టిదే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నిర్మింపబడి విడువబడిన షోళవరము విమానాశ్రయపు బాటపై కొందరు ఔత్సాహికులు తమ బండ్లు తామే తోలుకొని పందెములాడిరి. ఎవరును వారికి కోట్లు కుమ్మరింపలేదు. పాడుపడిన బాటను ఊడ్చుకొని, గడ్డి మూటలు అడ్డుపెట్టుకొని ఆరంభించిన ఆ ముచ్చటయే పెరిగి పెద్దదై, శ్రీపెరుంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టైలో 1990 నాటికి శాశ్వతమైన ట్రాకుగా పరిణమించినది. నేడు దక్షిణదేశమున పందెపు తోలరి కాదలచిన బాలుడెవడైనను చెన్నపట్టణమో కోయంబత్తూరో బెంగుళూరో చేరవలసివచ్చుట యాదృచ్ఛికము కాదు.

ఇక మన బోధను మాట. నిజాంసాగరు 1931 నాటికి పూర్తియై మంజీరా నీరు కాలువలకెక్కగా, ఆ నీటిని నమ్మి చెరకును, చెరకును నమ్మి శక్కర్‌నగరును వెలసినవి. ఆ ప్రాంతపు వృద్ధుల నడుగుడు. సీజను అను ఇంగ్లీషు మాట వారికి క్రొత్తది కాదు. సీజనన్న చెరకు ఆడు కాలము. కార్తికము వచ్చునప్పటికి ఫ్యాక్టరీ కూత ఎప్పుడు వినబడునా యని ఊరెల్ల చెవియొగ్గియుండెడిది. చెరకు బండ్లు బారులు తీరి రాత్రులెల్ల రోడ్డుపై నిలిచియుండెడివి. కొత్త గుడ్డలు, పెండ్లి ముహూర్తములు, షావుకారు బాకీలు, అన్నియు ఆ సీజనుపైననే ఆధారపడియుండెను. ఫ్యాక్టరీ ప్రభుత్వపు చేతినుండి 2002లో అధికభాగము ప్రైవేటువారి చేతికి పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. అటుపిమ్మట పునరుద్ధరింతుమను వాగ్దానములు ఎన్నికకు ఎన్నికకు వినబడినవి. రైతులు చెరకు విడిచి వరికిని సోయాకును మరలిరి. తండ్రి ఒక సీజనునకై నిరీక్షించి విసిగిన ఇంటిలో కొడుకు వేరొక సీజనునకై నిరీక్షించుచున్నాడు. ఈ రెండు నిరీక్షణములకును సంబంధము లేదని పాఠకులు తలంపవచ్చును. సంబంధము కలదు.

పందెపు కార్లు నేడు త్రాగుచున్నదేమి? ఫార్ములా వన్ కార్ల ఇంధనమున 2022 మొదలు 2025 వరకు నూటికి పది పాళ్లు ఇథనాలు కలుపుట నియమముగ నుండెను. అమెరికాలో ఇండీకార్ పందెములవారు 2023 మొదలు వాడుచున్న ఇంధనమున ప్రధానద్రవ్యము చెరకు వ్యర్థములనుండి తీసిన ఇథనాలే. మన దేశమునందును సామాన్యుడు పోసికొను పెట్రోలులో ఇరువది పాళ్లు ఇథనాలు కలుపు స్థితికి 2025 నాటికి వచ్చితిమి. చెరకు రసము పంచదారగా మారగా మిగిలిన మడ్డిని పులియబెట్టి, బట్టీపట్టి ఇథనాలు తీయుదురు. ఈ విద్య బోధనుకు క్రొత్తదా? ఆ ఫ్యాక్టరీకి అనుబంధముగా డిస్టిలరీ ఉండెడిది గదా! అనగా, మన యువకుడు అర్ధరాత్రివేళ మేలుకొని చూచు అమెరికా పందెమున చెరకు పిప్పి నుండి పుట్టిన శక్తి పరుగెత్తుచున్నది. ఆ చెరకును పండింపనేర్చిన అతని తాతగారి పొలమున చెరకు గడలేదు. మన మెరిగిన పనినే పరులు సాగించి ముందుకు పోవుచుండగా మనము దానిని చూచి ఆనందించుచున్నాము. ఇంతకంటె విచారకరమైన చూపరితనము వేరొకటి కలదా?

మన జిల్లాకు శక్తి లేదందురా? అట్లనువారు ఈ ఊరి బాలికలను మరచినవారు. నిజామాబాదు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబూలునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచ బాక్సింగు విజేతయై వచ్చినది. ఆమె తొలి గుద్దు ఇస్తాంబూలులో వేయలేదు; ఈ ఊరి మైదానమున, ఈ ఊరి గురువు చెంత వేసినది. అప్పటి నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మలావత్ పూర్ణ పదమూడేండ్ల ప్రాయమున 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖర మెక్కినది. ఆమె మొదట ఎక్కినది హిమాలయము కాదు, భువనగిరి గుట్ట. ప్రతి శిఖరమునకును ముందొక గుట్ట యుండవలెను. మోటారు పందెములను ప్రేమించు మన యువకునికి ఎవరెస్టు మాత్రము తెరపై కనబడుచున్నది, గుట్ట లేదు. నిజామాబాదులో లేదు, కామారెడ్డిలో లేదు. గుట్ట లేనివాడు ఎక్కడ ఎక్కును?

అతడు రోడ్డు మీద ఎక్కుచున్నాడు. ఇదియే మా భయము. డిచ్‌పల్లి మీదుగా పోవు 44వ జాతీయ రహదారి వెడల్పైనది, నున్ననిది. బోధనునుండి నిజామాబాదు మీదుగా ఆర్మూరు పోవు 63వ రహదారియు నున్నది. రాత్రి పదునొకండు గంటలు దాటిన పిదప మోటారు సైకిళ్ల రొద విననివా డెవడు? 2022 సంవత్సరమున మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క చెప్పుచున్నది. అందు నూటికి డెబ్బదికి పైగా మితిమీరిన వేగమువలననే. యువకులకు వేగము పై మోజు ఉండుట సహజము; దానిని కేకలతో మాన్పగల తండ్రి పుట్టలేదు. ఆ మోజునకు చోటు చూపుట పెద్దల విధి. ట్రాకు అనగా బండి తోలుటకు రోడ్డు మాత్రమే కాదు. మలుపు తప్పినవాడు చెట్టుకు గ్రుద్దుకొనక ఆగుటకు విశాలమైన ఖాళీ స్థలము, తాకిడిని మ్రింగు టైర్ల గోడలు, అపాయమైనపుడు పసుపు జెండా చూపు కాపరులు, శిరస్త్రాణము లేనివానిని లోపలికి రానీయని నియమము, ద్వారమున వేచియుండు వైద్యుడు: ఇవన్నియు కలిసి ట్రాకు. అచ్చట ఎదురుగ లారీ రాదు. బడినుండి వచ్చు బిడ్డ అడ్డము రాదు.

ట్రాకుపైనను ప్రాణములు పోవుచున్నవి గదా యని కొందరందురు. నిజమే. 2023లో చెన్నపట్టణపు ట్రాకుపై పదమూడేండ్ల బాలుడొకడు మోటారు సైకిలు పందెమున పడి మరణించెను. ఆ బాలుని తలంచిన ఏ తల్లి గుండె చెదరదు? కావుననే మేము వేగమునకు వెఱ్ఱి జేజేలు కొట్టము. ఎంత ప్రాయమువాని చేతికి ఎంత శక్తిగల బండి నీయవచ్చునో కఠినమైన కట్టుబాటు ఉండవలెను. ఆ కట్టుబాటును అమలు జరుపుటకే ట్రాకు కావలెను. రోడ్డుమీద కట్టుబాటు పెట్టువాడెవడు?

ఇది ధనికుల వినోదము. పేద జిల్లాకు దీనితో ఏమి పని యని మఱికొందరందురు. హుస్సేన్‌సాగరు గట్టున జరిగిన దానివంటిదైన, వారి మాట అక్షరాల సత్యము. అట్టిది మేము కోరము. బడులకు కప్పులు లేని చోట అట్టి సంబరమునకై ప్రజాధనము వ్యయించు మనువాని నోరు మేమే మూయింతుము. మేము కోరునది చిన్నది: ఒక కిలోమీటరునకు మించని, చిన్న గో కార్టు బండ్లు తిరుగుటకు చాలిన బాట, దాని పక్కన ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో పాలిటెక్నిక్కు విద్యార్థులును గ్యారేజీ మేస్త్రీలును కలిసి పనిచేయుటకు లేతు, వెల్డింగు యంత్రము. తోలువాడు ఒక్కడు, వానిని తోలింపగలవారు ఇరువదిమంది. పందెపు విద్యలో అన్నము పెట్టునది స్టీరింగు కాదు, పానా. కోయంబత్తూరు ట్రాకుమీద ఫార్ములా భారత్ అను పోటీ జరుగుచుండును. దేశమునందలి ఇంజనీరింగు విద్యార్థులు తాము రూపొందించి కట్టిన కార్లను అచ్చటికి తెత్తురు. అందు బండి వేగమునకే గాక, దాని రూపకల్పనకును, ఖర్చు లెక్కకును మార్కులు వేయుదురు. అట్టి పోటీకి ఇందూరు పేర ఒక కారు పోవు దినమును మేము చూడగోరుచున్నాము. అది కడపట నిలిచినను మాకు సంతోషమే.

ప్రభుత్వ మేమి చేయవలెనో చెప్పితిమి: స్థలము చూపవలెను, కట్టుబాటు విధింపవలెను, తరువాత ప్రక్కకు తొలగవలెను. బోధను చెరకును గూర్చి చెప్పవలసినది వేరుగ నున్నది. ఇథనాలు బేరము దేశమెల్ల పెరుగుచుండగా, ఆ విద్య నెరిగిన ప్రాంతమును వాగ్దానములతో కాలము గడుపుమనుట అన్యాయము. చెరకు మరల నాటుటకు రైతును ఒప్పింపవలెనన్న, ముందుగ ఆడించు మిల్లును చూపవలెను. మిల్లు కంటబడనిదే గడ నాటు రైతు ఇక నుండడు.

కాని ఈ వ్యాసము ముఖ్యముగ ప్రభుత్వమున కుద్దేశించినది కాదు. తొలి పందెమునకై నిరీక్షించు యువకులారా, మీకే. మీరు ఒండొరులను తెరముందు మాత్రమే ఎరుగుదురు. షోళవరపు ఔత్సాహికులు మీవంటి వారే. వారు చేసిన మొదటి పని సంఘముగా చేరుట. మీలో మేస్త్రీ యెవడో, వెల్డరు ఎవడో, లెక్క వ్రాయగలవా డెవడో తెలిసికొనుడు. ఒక పాత ఇంజను కొని విప్పి చూడుడు. మునిసిపాలిటీకి, కలెక్టరునకు, శాసనసభ్యునకు పదిమంది సంతకములతో కాక వేయిమంది సంతకములతో అర్జీ పంపుడు. అంతవరకు రాత్రిపూట రహదారిపై బండి ఎక్కింపమని మీలో మీరు మాట యిచ్చుకొనుడు. ఆ మాట నిలుపుకొన్న సంఘమునకే స్థలము అడుగు అర్హత యుండును.

ఈ సీజనుయొక్క తొలి పందెమును తప్పక చూడుడు. ఎవరు గెలిచినను మనసార మెచ్చుకొనుడు. ఎఱ్ఱదీపములు ఆరి కార్లు ముందు కురికినపుడు మాత్రము ఒక ప్రశ్న మీలో మీరు వేసికొనుడు: వచ్చు ఫాల్గుణము నాటికి మన ఊరిలో ఏ చక్రము తిరుగవలెను?